తలుపు కాడి మనిషి

అరవైల చివర్లో నేను రాజాంలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్ని. తెర మీద బొమ్మ కత్తిలా పడాలని నాకు పిచ్చి. జనం "ఫోకస్! ఫోకస్!" అని అరిస్తే నన్ను తిట్టినట్టే లెక్క. అందుకే ఆట నడిచినంతసేపూ నా కుడిచెయ్యి లెన్సు మీదే ఉండేది.

మా అయ్యకి ఈ పని బొత్తిగా గిట్టేది కాదు. ఊళ్లో వరీ, చోళ్లూ పండించే మనిషి. "బొమ్మలు తిప్పడం ఏటి పనిరా? ఇక్కడ ఊడుపులకి మనుసుల్లేక సస్తన్నాం," అనేవాడు. ఆ ఏడు ఊడుపుల ముందు, శనివారం వస్తాను, పెట్టె సర్దుకో అని కబురు పంపాడు. ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది? వచ్చిన రోజు ఒక్క మ్యాట్నీ చూడు, ఆ తర్వాత నీ ఇష్టం అని మాత్రం తిరుగు కబురు పంపి బతిమాలుకున్నాను.

శుక్రవారం కొత్త సినిమా పడింది. మూడో రీల్లో కొడుకు ఇల్లు వదిలి పోతానని తల్లితో చెబుతున్నాడు. తెర నిండా అతని మొహమే. ఉన్నట్టుండి అది మసకబారింది. హాలంతా ఈలలూ, కేకలూ. గాభరాగా లెన్సు తిప్పాను. ఇటు తిప్పితే మసక, అటు తిప్పితే ఇంకా మసక. సీను అయిపోయేదాకా తెర మీద పల్చటి మజ్జిగే. మేనేజరు మెట్లెక్కి వచ్చి, "రేపు కూడా జనం గోల సేసినారంటే ఇంటికెల్లిపో," అన్నాడు. ఎలాగూ రేపు పోబోతున్నవాణ్ణే కదా అని నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆట వదిలాక ఆ రీలు వెనక్కి చుడుతూ, ఫిల్ము దీపానికి ఎదురుగా పెట్టి చూశాను. కొడుకు మొహం ఫిల్ములోనే మసగ్గా ఉంది. వెనక తలుపు దగ్గర, చెంబు పట్టుకుని తండ్రి, గీసినట్టు స్పష్టంగా ఉన్నాడు. ఆ రీల్లోనే అంతకుముందు బొమ్మల్లోనూ ఆయన అక్కడే ఉన్నాడు, కాకపోతే మసగ్గా. కెమెరా పట్టినాయన కావాలనే ముందున్న మొహాన్ని చెరిపి, ఇంక అటు చూడండి అని మాకు చెప్పాడు. నేనేమో దాన్ని బాగుచేయబోయాను! సిగ్గుతో చచ్చిపోయాను.

శనివారం మ్యాట్నీకి అయ్యని బెంచీ మీద కూర్చోబెట్టి పైకెళ్లాను. మూడో రీలు వచ్చింది. మొహం మసకబారింది. "ఫోకస్!" అని హాలు లేచింది. నా కుడిచెయ్యి దానంతటదే లెన్సు మీదికి పోతుంటే ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను. మెట్ల మీద మేనేజరు అడుగులు వినబడుతున్నాయి. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి ఎవరిదో గొంతు: "ఒసే, ఎనక సూడే! తలుపు కాడ తండ్రి అంతా ఇంటన్నాడే!"

అరుపులు ఆగిపోయాయి. హాలు హాలంతా తలుపు వైపే చూసింది. మేనేజరు నా పక్కనున్న గోడ కంతలోంచి తెర వైపు తొంగిచూసి, వచ్చిన మెట్లే దిగిపోయాడు. పట్టుకున్న కుడిచెయ్యిని అప్పుడు వదిలాను.

ఆట అయ్యాక అయ్య పైకొచ్చాడు. గోడ పక్కన సర్ది ఉంచిన నా రేకుపెట్టె వంక చూసి, దాని మీదే కూలబడ్డాడు.

"నానూ అరిసినానురా," అన్నాడు. "అప్పుడు నువ్వేటి సేసినావు?"

"ఏటీ సెయ్యలేదయ్యా. సెయ్యి తీసేసినాను."

"ఆ తలుపు కాడోడు మొదట్నించీ ఉన్నాడా?"

"ఉన్నాడయ్యా. మనమే సూళ్లేదు."

అయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉండడం నేను చూశాను. ఇన్నేళ్లూ ఆయన కోపమే చూశాను గానీ, నేను ఊరు వదిలిన రోజు ఆయన ఎక్కడ నిలబడ్డాడో నాకు గుర్తే లేదు.

"బేగి లెయ్యి, బస్సు ఎల్లిపోతాది," అన్నాను పెట్టె వైపు చెయ్యి చాపుతూ.

"ఎల్లనీ. ఊడుపులకి మీ బావని రమ్మంతాను," అన్నాడు. పెట్టె మీంచి లేవలేదు. "మల్లీ ఆట ఎన్నింటికిరా? ఈ పాలి మొదట్నించీ తలుపు కాడే సూస్తాను."