ఒంటి రెక్క గుర్రం

ఏడు సముద్రాలు, మనుషుల నీడలను దొంగిలించి సంచిలో దాచుకున్న మాంత్రికుడు, రెక్కల గుర్రం – ఇవన్నీ ఉన్నాయి కనుక ఇది మహాకావ్యమని, చదివినవాళ్లు తరిస్తారని మొదలుపెడదామనుకున్నాను. తీరా చూస్తే ఇందులో ఉన్నవి ఒక మగ్గం, మా మేనమామ, ఆయన మీద ఎప్పుడూ విసుక్కునే మా అత్త. సముద్రాలన్నీ ఒక పిల్లల మాసపత్రికలోవి. మొన్న అటక దులుపుతుంటే ఆ పత్రికల కట్ట దొరికింది. విప్పగానే పాత కాగితం, నూలు దుమ్ము కలిసిన వాసన గుప్పుమని వరసగా పదకొండు తుమ్ములొచ్చాయి. జ్ఞాపకాలు ముంచెత్తడమంటే ఇదే కాబోలు. ఇరవై రెండేళ్లకే బాల్య స్మృతులేమిటంటారా, నా బాల్యం త్వరగా అయిపోయింది, అంతే.

కొత్తవాడలో మా పక్కిల్లే మామ నర్సయ్యది. జంపఖానా మగ్గం మీద ఆయనా అత్తా పక్కపక్కనే కూర్చుని, చెరో సగం నేస్తూ, పంజా అనే ఇనుప దువ్వెనతో దారాన్ని టపటప దించుతుంటే, వాళ్లిద్దరికీ చదువు రాదు కనుక, బడి నుంచి రాగానే గడప మీద కూర్చుని ఆ పత్రికలోని ధారావాహిక చదివి వినిపించడం నా ఉద్యోగం. నూలు అంటుకుంటుందని మామ బీడీ వెలిగించకుండా చెవి మీదే పెట్టుకుని వినేవాడు. ఎండాకాలపు భాగాలు అంబలి తాగుతూ, బతుకమ్మ నాటి భాగం బెల్లం కలిపిన మలీద ముద్ద బుగ్గన పెట్టుకుని చదివాను. మాంత్రికుడి శాపం ఆ బెల్లంలో పడి సగం అర్థం కాలేదు.

నేను మధ్యమధ్య వెక్కిరించకుండా చదివిన భాగం లేదు. రాకుమారి మూర్ఛపోతే, "అన్నం తినక పడ్డది మామా" అనేదాన్ని. అయినా ఒప్పుకోవాలి, అది గొప్ప కథ. రచయితకు ఎక్కడా తొందర లేదు. మాంత్రికుడు కూడా తన నీడకు తానే భయపడేవాడు. పాపమనిపించి ఒక నెలంతా వాణ్ని తిట్టలేకపోయాను. నీలం, నలుపు రెండే రంగుల బొమ్మల్లో ఆ రాత్రి సముద్రం ఎంత లోతుగా ఉండేదో! కుమ్మరి పిల్లను కాపాడబోయి గుర్రం ఒక రెక్క పోగొట్టుకున్న నెల నుంచి, వాడ పిల్లలమంతా ఒక చేతికి చాట కట్టుకుని వీధుల్లో పరుగెత్తాం. అమ్మలకు చాటలు దొరక్క బియ్యం చెరగడం ఆగిపోయింది.

ఇరవై రెండు నెలలు గడిచి, ఇంకొక్క భాగం మిగిలినప్పుడు, మట్టెవాడ బట్టల సేటు కూతురి పెళ్లికి జంపఖానా చెప్పాడు, "నడుమ ఏదన్న మంచి బొమ్మ పెట్టు" అన్నాడు. మామ గుర్రం బొమ్మ ఎత్తుకున్నాడు. కాళ్లు, పొట్ట నేసి వీపు దగ్గరికొచ్చి చేతులు దించేశాడు. బొమ్మ కింది నుంచి పోగు పోగుగా పైకి లేస్తుంది. రెక్కలు మొదలయ్యే వరస అదే. పోయిన రెక్క తిరిగొస్తుందా లేదా తెలియకుండా అది దాటితే, మళ్లీ వెనక్కి వచ్చేది లేదు. ఆఖరి భాగమేమో పత్రికల దుకాణానికి రాలేదు. వానలకు బండ్లు ఆగాయట.

సోమవారం సేటు వచ్చి చూశాడు. "శుక్రవారం పెండ్లి నర్సయ్యా. గురువారం పొద్దుగూకేలోపు ఇయ్యకుంటే వేరేకాడ తీసుకుంట. మల్ల నీ గడప తొక్క."

అత్త పంజా కింద పెట్టింది. "పెండ్లికచ్చినోళ్లు కూసుంటరా, రెక్కలు లెక్కవెడుతరా? ఏదో ఒకటి నెయ్యి."

"తెల్వకుంట ఎట్ల నేస్తనే? అబద్ధమైతది గద."

మంగళవారం నేనే తెగించాను. దుకాణంలో నిలబడి చదివొచ్చానని, రెండో రెక్క మొలిచిందని చెప్పాను. మామ నా ముఖం చూసి నవ్వాడు. "కోడలా, సదివినప్పుడు తడుముకుంట చెప్తవు. గిప్పుడు గడగడ చెప్తున్నవు. రాలే గదా?"

బుధవారం మధ్యాహ్నం పత్రిక వచ్చింది. వానలో పరుగెత్తి తెచ్చి, తడిసిన జుట్టుతోనే చదివాను. గుర్రం కాలినడకన ఇల్లు చేరింది. అక్కడ దొంగిలించిన నీడలు ఇంకా తిరిగి రాలేదు, జనం ఎండకు మాడుతున్నారు. దేవత రెండో రెక్క ఇస్తానంటే గుర్రం వద్దన్నది: అది వస్తే ఎగిరిపోతాను, ఈ ఒక్కటీ వీళ్లకు నీడ పట్టడానికి చాలు. అక్కడ ఏదైనా అందామని నోరు తెరిచాను. ఆ వాక్యమే మళ్లీ చదివాను. మామ చెవి మీది బీడీ తీసి, తలుపు బయటికి పోయి వెలిగించుకుని, చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు.

"వానలకు తడుస్తున్నవు, లోపటికి రా," అన్నది అత్త. తర్వాత మెల్లగా, "ఉన్న ఒక్క రెక్కనన్న పెద్దగ నేద్దాం. నా దిక్కు గూడ రానియ్యి."

రెక్క అత్త సగంలోకంతా పరుచుకుంది. గురువారం పొద్దు వాలుతుండగా జంపఖానా మగ్గం దిగింది. సేటు విప్పి చూసి, "రెండో రెక్క ఏది? దారం తక్కువైందా?" అన్నాడు. మామ మొత్తం ఇరవై మూడు భాగాలు చెప్పాడు. సేటు నిలబడి వినడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేశాడు. జంపఖానా తనే భుజాన వేసుకుని పోయాడు.

ఇప్పుడు మామ మగ్గం లేదు, పత్రిక ఆగిపోయింది, చాటలు కట్టుకున్న పిల్లలు ఉద్యోగాల కోసం అప్లికేషన్లు పెడుతున్నారు. ఆ రెక్కను ఒకసారి చూడాలనిపించి నిన్న మట్టెవాడ పోయాను. జంపఖానా ఉందని, గోదాంలో మిరప బస్తాల కింద పరిచామని, ఇప్పుడు మిరప వ్యాపారం చేస్తున్న సేటు కొడుకు చెప్పాడు. చూడాలంటే ఎనిమిది బస్తాలు జరపాలి. హమాలీలు భోజనానికి పోయారు, మూడింటికి గానీ రారు. అప్పటిదాకా గోదాం గడప మీద కూర్చున్నాను.