కారవాన్‌లోనూ వంటే

బడి క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి వండి విసిగిపోయిన నోరీన్, రిటైరయ్యాక బెండిగోలోని ఇల్లు అద్దెకిచ్చి, భర్త క్లైవ్‌తో కారవాన్‌లో ఆస్ట్రేలియా చుట్టిరావడానికి బయల్దేరింది. తీరా చూస్తే, వంటిల్లునే కారు వెనక కట్టుకుని తిరుగుతున్నట్టుంది. ఎక్కడ ఆగినా క్లైవ్ పక్కవాళ్లతో టైర్ల కబుర్లలో పడేవాడు. ఆమె ఆ ఇరుకులో చెమటలు కక్కుతూ వండేది.

సముద్రం ఒడ్డునున్న సెడూనా ఊళ్లో ఆగిన సాయంత్రం అతను తలుపులోంచి తొంగిచూశాడు.

"నోరీన్, ఇంకో ఇద్దరికి వండవా? పక్క కారవాన్ వాళ్లను భోజనానికి పిలిచాను."

"పిలిచినవాడివి నువ్వే వండు," అంటూ గరిటె అతని చేతిలో పెట్టింది.

"నాకు గుడ్డు వేయించడం కూడా రాదే!"

"టైరు మార్చడం వచ్చుగా, ఇదీ వస్తుందిలే."

కుర్చీ పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లి కూర్చుంది. కాసేపటికి సాసేజీలు మాడుతున్న వాసన వచ్చింది. ఒళ్లు మండిపోయింది గాని, ఆమె లేవలేదు.