మిర్యాలగూడలో ఇంద్రి కూత

కోతికి దూరపు చుట్టమొకటి కూస్తే కాలేజీ మొత్తం ఖాళీ అయిందంటే మీరు నమ్మరు. నమ్మకండి. నమ్మించే ఓపిక నాకూ లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను సూర్యాపేటలో ఓడి, కోదాడలోనూ ఓడి మిర్యాలగూడ చేరాను. జువాలజీ లెక్చరర్ ఉద్యోగానికి అది నా మూడో డెమో క్లాసు. ఇదీ పోతే మా మామగారి ఎరువుల దుకాణంలో కూర్చోవాల్సిందే. కోదాడలో ముందు బెంచీ వాళ్లే నా పాఠానికి నిద్రపోయారు కాబట్టి, ఈసారి పెళ్లిళ్లకు డీజే పెట్టే మా బావమరిది స్పీకరు వెంట తెచ్చాను. దానికి మెల్లగా మాట్లాడటం రాదన్న సంగతి ఆలోచించలేదు.

పాఠం, అంతరించిపోతున్న రెండు జీవుల పోలిక. ఒకటి మడగాస్కర్ అడవుల్లోని ఇంద్రి అనే లెమూర్. రెండోది ఆగ్నేయాసియాలోని గడ్డిరంగు తల పికిలిపిట్ట.

"ఇంద్రికి అడవి పోయి కష్టమొచ్చింది. పికిలిపిట్టకు గొంతు బాగుండి కష్టమొచ్చింది. పంజరాల్లో పెట్టుకోవడానికి పట్టుకుపోయారు" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ పిట్టను అడగండి, చెబుతుంది.

వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ తలూపారు. అంతే, పొంగిపోయాను. "రెండూ పాడతాయి. ముందు ఇంద్రి పాట వినండి" అంటూ మీట నొక్కాను.

అయ్యా, అదేం పాట! ఊళ్లోని రైసుమిల్లులన్నీ ఒక్కసారి ఏడ్చినట్టు సాగింది. ఆ కాలేజీలో అన్నానికి గంట కొట్టరట, సైరన్ మోగిస్తారట. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు. మా క్లాసు లేచింది, పక్క క్లాసు లేచింది, మేడమీది వాళ్లు మెట్ల మీద పడి దిగారు.

"కూర్చోండి! అది లెమూర్!" అని అరిచాను. హాస్టల్ పిల్లల ఆకలికి లెమూరొక లెక్కా?

వంటామె గరిటెతోనే వచ్చింది. "ఏంది సారూ, పదకొండు గూడ గాలె! బియ్యం ఇప్పుడే పొయ్యి మీద పెట్టిన. గింతమందికి నన్ను వండి పెట్టమంటవా?"

"పిలిచింది నేను కాదమ్మా, ఇంద్రి."

"గామె ఎవ్వరో ముందుగాల బయటికి పిలువు!"

పిల్లలను వెనక్కి రప్పిద్దామని కంగారులో పికిలిపిట్టను పాడించాను. ఎంత తియ్యగా పాడిందో! ఒక్కడూ వెనుదిరిగి చూడలేదు. నా పోలిక అక్కడితో పూర్తయింది.

ప్రిన్సిపాల్ నా భుజం మీద చెయ్యి వేశారు. "గీ కూత ఎంత దూరం వినపడ్తది?"

"అడవిలో అయితే కిలోమీటర్ల దూరం సార్."

"మా సైరన్ పాతగయింది. మేడమీదోళ్లకు వినపడ్తలేదు. గా కూత జర నా ఫోన్‌కు పంపు."

"పంపుతా సార్. మరి నా ఉద్యోగం?"

"నీది సూద్దాం తియ్యి."

నేనిప్పుడు యూరియా అమ్ముతున్నాను. ఇంద్రి మాత్రం ఆ కాలేజీలో రోజూ డ్యూటీ చేస్తోంది. మూడు ఊళ్లు తిరిగిన నాకు రాని ఉద్యోగం, ఒక్కసారి నోరు తెరిచిన లెమూర్‌కు వచ్చింది. కనుక మా ఇంటిదేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంటర్వ్యూకైనా నాకంటే అర్హతలున్న జీవిని వెంటబెట్టుకుని వెళ్లను.