తమ్మిలేరు ఇసుకలో మూడు కాసుల గొలుసు

మే నెల రెండో శనివారం ఉదయం ఆరున్నరకు తాడేపల్లిగూడెంలో ఏలూరు వైపు ప్యాసింజరు ఎక్కాను. చేతిసంచిలో ఇసుక జల్లెడ, రెండు నీళ్ళ సీసాలు, నా భార్య సరోజిని కట్టిచ్చిన పులిహోర పొట్లం ఉన్నాయి. కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు తెగ్గొట్టిన మరుసటి వేసవి అది.

వెళ్ళింది తమ్మిలేరులో పోయిన ఒక గొలుసు కోసం. అది ఎలా పోయిందో ముందు చెప్పాలి.

మా క్రైస్తవ సంఘాల వార్షిక కూటాలు అక్టోబరులో ఏలూరులో జరుగుతాయి. చివరి రోజు తమ్మిలేరులో బాప్తిస్మాలు ఇస్తారు. నీళ్ళలో దిగే స్త్రీలు ఒంటి మీద బంగారం ఉంచుకోకూడదన్నది మా నియమం. ఒడ్డున ఒక స్టీలు డబ్బా ఉంటుంది, నగలన్నీ తీసి అందులో వేసి దిగుతారు. పదేళ్ళుగా ఆ డబ్బా పట్టుకుని కూర్చున్నది శాంతమ్మగారు. మందిరం ఊడ్చి, చాపలు పరిచి, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల రోజున గిన్నెలు కడిగే మనిషి ఆవిడ.

ఏడాదిన్నర కిందటి కూటాల్లో సరోజిని బాప్తిస్మం తీసుకుంది. ఒడ్డుకొచ్చి చూసుకుంటే డబ్బాలో తన మూడు కాసుల గొలుసు లేదంది. వేశానంది. వేయలేదని శాంతమ్మగారు అన్నారు. సంఘపెద్దను నేను. బైబిల్లో దొంగ బంగారాన్ని గుడారంలో పాతిపెట్టినవాడి వాక్యభాగం తీసి, ఆదివారం ఆరాధనలో శాంతమ్మగారి పేరు నేనే చదివాను. ఆవిడను బల్లకు దూరం పెట్టాం. విశ్వాసులెవరూ ఆ గడప తొక్కకూడదన్నాం. నెల తిరక్కుండానే ఆవిడ ముసలితల్లిని తీసుకుని కైకలూరు వైపు చేపల చెరువుల పనికి వెళ్ళిపోయారు.

పోయిన క్రిస్మస్ ముందు రోజు పిండివంటలు చేస్తూ చేస్తూ సరోజిని పొయ్యి ఆపేసింది.

"గొలుసు నేను డబ్బాలో వెయ్యలేదండి. అన్ని గొలుసుల్లో నాది తారుమారవుతుందని భయమేసింది. రుమాల్లో మూటకట్టి రొంటిన దోపుకున్నాను. మునిగి లేచేసరికి లేదండి. బంగారంతో దిగానంటే నా బాప్తిస్మం చెల్లదంటారని చెప్పలేదు."

మా పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్ళాను. "ఇంట్లో మాట బయట పెడితే మీ పెద్దరికం ఏమవుతుంది బ్రదర్? రుజువు ఏదైనా ఉంటే అప్పుడు చూద్దాం" అన్నారు. ఆ మాట నాకు హాయిగా తోచింది. రుజువు నీళ్ళ అడుగున ఉంది కదా అని, తమ్మిలేరు ఎండేదాకా ఆగాను.

రైల్లో ఎదుటి సీటులో పెంటపాడు రైతు ఒకాయన నా జల్లెడ చూసి, "ఏవండీ, ఇసుక కాంట్రాక్టాండి?" అన్నాడు. పోయిన వస్తువు కోసం అన్నాను. "ఏట్లో పోయింది ఏట్లో దొరికితే అంతకంటే ఏం కావాలండీ. దొరకాలని దండం పెట్టుకోండి" అన్నాడు. కళ్ళు మూసుకుని ప్రార్థించాను. దొరకాలనీ అడిగాను, దొరక్కూడదనీ అడిగాను. దొరక్కపోతే ఇక చేసేదేమీ ఉండదు కదా అని ఒక మూల ఆశ.

ఏడూ నలభైకి ఏలూరులో దిగాను. స్టేషను బయట పెసరట్టు ఉప్మా తిని, రిక్షాలో పవర్‌పేట వెళ్ళాను. అక్కడ రేడియోలు బాగుచేసే కరీంగారి దగ్గర, ఆయన సొంతంగా చేసుకున్న లోహాలు పట్టే మిషను ఉంది. పొడుగు కర్ర, చివర పళ్ళెమంత రాగితీగ చుట్ట, చెవులకు హెడ్‌ఫోను. పుష్కరాల్లో, రేవుల్లో నగలు పోగొట్టుకున్నవాళ్ళు ఆయన్ని పిలుస్తుంటారు. అరవై ఏళ్ళ మనిషి, నవ్వించకుండా నాలుగు మాటలు మాట్లాడడు.

"కోడలి గాజు పోయిందని ఒకసారి పిలిచారండి. పొద్దస్తమానూ వెతికితే అత్తగారి తీగ కట్టిన పళ్ళసెట్టు దొరికింది. గాజు సంగతి మర్చిపోయి, ఇద్దరూ దాని మీద దెబ్బలాడుకున్నారు" అన్నాడు ఆటోలో.

తొమ్మిదికి తమ్మిలేరులో దిగాం. అక్టోబరులో రొమ్ముల్లోతు నీళ్ళున్న చోట ఇప్పుడు మేకలు నడుస్తున్నాయి. ఒక పక్క సన్నగా పాయ, మిగతాదంతా ఇసుక, ముళ్ళచెట్లు. కరీంగారు చెప్పు మడమతో ఇసుకలో గీతలు గీసి, గీతకూ గీతకూ మధ్య నిదానంగా చుట్ట తిప్పుతూ నడిచాడు. కూత వినబడిన చోట నేను తవ్వి జల్లించాలి. సోడామూతలు, వలకు కట్టే సీసపు గుండ్లు, ఎద్దు నాడా ఒకటి, రైలు వంతెన మీద నుంచి విసిరినవో ఏమో నాలుగు పావలాలు దొరికాయి. పదకొండు దాటేసరికి నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

కరీంగారు ఆగి, "మాస్టారూ, ఆవిడ ఎటు తిరిగి మునిగారండి? ఒడ్డుకి ఎటు నుంచి ఎక్కారు?" అన్నాడు.

ఆ రోజు తువాలు పట్టుకుని నేను నిలబడిన చోట మళ్ళీ నిలబడ్డాను. పక్కనే రాతిమెట్లు. డబ్బా ఒడిలో పెట్టుకుని శాంతమ్మగారు కూర్చున్నది పై మెట్టు మీద.

"ఈ మెట్ల పక్క రాళ్ళ సందులు చూద్దాం. బరువున్నది ఏట్లో కొట్టుకుపోదండి, దగ్గర్లోనే దాక్కుంటుంది" అన్నాడు.

పన్నెండుకు పది నిమిషాలుండగా మూడో మెట్టు కింద కూత వచ్చింది. "బంగారం కూత కాదండి, ఇనప కూత. అయినా తీయండి" అన్నాడు. వేళ్ళు పెట్టి లాగాను. తుప్పు పట్టిన మా బీరువా తాళంచెవి వచ్చింది. దాని రింగుకి చివికిన గుడ్డపీలిక, ఆ పీలికలో చిక్కుకుని గొలుసు.

కూటాల నుంచి వచ్చిన వారమే తాళంచెవి ఇంట్లో ఎక్కడో పోయిందని సరోజిని అంటే, బీరువాకి కొత్త తాళం వేయించాను. రుమాలు మూటను ఆ రింగుకే ముడేసి దోపుకుందన్నమాట. గొలుసు పోయింది, అదే వారం తాళంచెవీ పోయింది. వెతికితే అర్థమయ్యేదే. నేను వెతికింది శాంతమ్మగారి పెట్టె.

"ముబారక్ మాస్టారూ!" అన్నాడు కరీంగారు. నా మొహం చూసి, "దొరికేదాకా అందరూ ఏడుస్తారండి. దొరికాక ఏడ్చేవాళ్ళని మిమ్మల్నే మొదట చూశాను" అన్నాడు.

ఒంటిగంట పదికి కైకలూరు బస్సు దొరికింది. దారి పొడుగునా తెగిన గట్లు, మధ్యలో నిలబడిపోయిన వెదుళ్ళు. పక్కన కూర్చున్న మనిషి కిటికీలోంచి చూపించాడు. "ఆ వెదుళ్ళున్న చోట మా చెరువండి. చేపలుండగానే కొట్టేశారు. ఇప్పుడు అదే నీళ్ళలో కొంగలు చూడ్డానికి కార్లలో వస్తున్నారండి."

మూడు కావస్తుండగా కైకలూరులో దిగి, అడుగుతూ అడుగుతూ షేరు ఆటోలో ముదినేపల్లి రోడ్డున ఒక చెరువు దగ్గరకు వెళ్ళాను. గట్టు మీద తాటాకు పాకలో శాంతమ్మగారు చేపల మేత సంచుల చిరుగులు కుడుతున్నారు. నన్ను చూసి లేచారు.

"రండి మాస్టారండి. ఎండన పడి వచ్చారు" అని మంచినీళ్ళిచ్చారు.

గొలుసు తీసి సంచి మీద పెట్టాను. "తమ్మిలేరులో దొరికిందండి. మీ తప్పేమీ లేదు."

"నా తప్పు లేదని నాకు తెలుసు కదండీ" అన్నారు. దాన్ని ముట్టుకోలేదు. "నీళ్ళలో పోయిందని మీకెలా తెలిసిందండీ?"

"మా ఆవిడ చెప్పింది."

"ఎప్పుడండి?"

అబద్ధం నాలుక మీదికి వచ్చింది. మింగేశాను. "క్రిస్మస్ ముందు."

ఆవిడ సూది సంచికి గుచ్చి పక్కన పెట్టారు. "మా అమ్మ పోయింది ఫిబ్రవరిలోనండి. మట్టికి తీసుకెళ్తుంటే పాట పాడ్డానికి ఒక్కళ్ళు లేరు. సంఘానికి కబురు పెట్టాను. రాకూడదన్నారని చెప్పాడు వెళ్ళినతను."

ఆ కబురు వచ్చింది నాకే. రుజువు లేకుండా నియమం దాటకూడదని, రామని చెప్పి పంపింది నేనే. ఆ మాటా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. సూది మళ్ళీ తీసుకుని చిరుగు కుట్టడం మొదలుపెట్టారు.

"ఇది దొరక్కపోతేనో మాస్టారండి? నేను దొంగనేనా?"

ఆదివారం రమ్మన్నాను, అందరి ముందూ చెబుతానన్నాను.

"పేరు చదివిన రోజు నన్ను రమ్మన్నారాండి? ఇప్పుడు మాత్రం నేనెందుకు?" అన్నారు. నేను లేస్తుంటే గొలుసు వైపు వేలు చూపించారు. "ముందు దాన్ని జేబులో వేసుకోండి. ఇక్కడ పోయిందంటే మళ్ళీ నా మీదకే వస్తది."

కైకలూరు బస్టాండు పక్క ఎస్టీడీ బూతు నుంచి అయ్యగారికి ఫోను చేశాను. "దేవునికి స్తోత్రం! ఎండిన ఏట్లో బంగారమా! ఆదివారం సాక్ష్యం చెప్పండి బ్రదర్. మిషను మాట వద్దు, ఉపవాస ప్రార్థనకు జవాబని చెప్పండి" అన్నారు.

"శాంతమ్మగారి సంగతో అయ్యగారూ?"

"అది నిదానంగా కమిటీలో చూద్దాం."

అయిదింటికి భీమవరం బస్సు, అక్కడి నుంచి తాడేపల్లిగూడెం బస్సు. ఆకలికి పులిహోర పొట్లం విప్పితే, పక్క సీటులో పెద్దావిడ ముక్కు మూసుకుంది. "పాసిపోయింది బాబూ, పారెయ్యండి." కిటికీలోంచి పారేశాను. నేను నమ్మిన దేవుడు అబద్ధసాక్షిని ఊరికే వదలడని పిల్లలకు ప్రతి ఆదివారం నేర్పాను. ఆ పాఠంలో నా పేరు లేదనుకున్నాను. రేపు గొలుసు బీరువాలో పెట్టి, వట్టి చేతులతో లేచి నిలబడతాను. ముందు నా పేరు చదువుతాను, తర్వాత ఫిబ్రవరిలో వచ్చిన కబురు సంగతి చెబుతాను. పెద్దరికం ఉంటుందో ఊడుతుందో కమిటీ చూసుకుంటుంది. శాంతమ్మగారు రారు. రావాల్సిన పని ఆవిడకు లేదు.

ఏట్లో వస్తువు పోగొట్టుకున్నవారికి నా ప్రయాణం కొంత పనికొస్తుంది. మే నెలలో వెళ్ళండి. ఆరున్నర ప్యాసింజరు పట్టుకుంటే ఎండ ముదిరేలోపు సగం పని అవుతుంది. మెట్ల పక్క రాళ్ళ సందులు ముందు చూడండి. మనిషిని పోగొట్టుకున్నవారు మాత్రం ఏరు ఎండేదాకా ఆగకండి. కైకలూరు బస్సు డిసెంబరులోనూ నడుస్తుంది.