సరిహద్దు నుంచి తమ్ముడి సెలవు

1987 ఫిబ్రవరిలో అరుణాచల్‌కి రాష్ట్ర హోదా ఇచ్చారు. అది తమ భూభాగమని చైనా గట్టిగా అభ్యంతరం చెప్పింది. అంతకుముందు వేసవిలోనే చైనా సైనికులు తవాంగ్ దగ్గరి లోయలోకి వచ్చి కూర్చున్నారు. వాళ్లకెదురుగా మనవాళ్లు కొండలెక్కారు. అలా ఎక్కినవాళ్లలో మా తమ్ముడొకడు.

మేం అప్పుడు అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఉండేవాళ్లం. మావారు కార్ల ఇంజనీరు. సోవియట్‌కి ఎదురుగా నిలబెట్టడానికి అమెరికాకి చైనా కావాలి. మనం సోవియట్ వైపువాళ్లమని అక్కడివాళ్ల లెక్క. అందుకే పేపర్లో మా సరిహద్దు గురించి నాలుగు వాక్యాలు వస్తే గొప్ప.

"మన డెట్రాయిట్‌వాళ్లు బీజింగ్ వెళ్లి కార్లు చేయిస్తున్నారు. వ్యాపారం రుచి మరిగిన చైనావాళ్లు యుద్ధానికి రారోయ్," అనేవారు మావారు.

"అరవై రెండులోనూ రారనే అన్నారు. చేతి గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చింది నేను, మీరు కాదు."

తమ్ముడికి సెలవు దొరికిందని మార్చిలో అమ్మ రాసింది. ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున ఏడింటికి విజయవాడలో మా ఇంటి పక్కనున్న మందుల షాపుకి ఫోన్ చెయ్యమంది. వెంటనే మా అమెరికా టైముకి లెక్కకట్టి క్యాలెండర్‌లో శనివారం గడిలో రాత్రి ఎనిమిదిన్నర అని రాసుకున్నాను. తర్వాత, సరిహద్దులో సెలవులు ఆపేస్తున్నారని ఎవరో అన్నారు. అప్పట్నుంచి ఆ గడి చూడాలంటేనే భయం.

శనివారం సరిగ్గా ఎనిమిదిన్నరకి డయల్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

"వాడికి సెలవు రద్దయింది. నాకు చెప్పలేక అమ్మ రాలేదు."

"షాపు తియ్యలేదేమో."

"ఏడింటికి తీస్తాడు. నాకు తెలుసు."

మావారు గోడ గడియారం చూశారు, క్యాలెండర్ చూశారు. "ఇది ఎప్పుడు రాశావు?"

"మార్చిలో."

"పోయిన ఆదివారం గడియారాలు గంట ముందుకి జరిపాంగా! అక్కడ ఇప్పుడు ఆరే."

నిజమే. వేసవి వెలుగు కోసం అమెరికాలో ఏటా ఏప్రిల్ ఆఖరి ఆదివారం అలా జరిపేవాళ్లు. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి ఏప్రిల్ మొదటి ఆదివారానికి తెచ్చారు. నేను పాత అలవాటు ప్రకారం లెక్క వేసి మళ్లీ చూసుకోలేదు. తప్పు దొరికింది కానీ తమ్ముడు దొరకలేదింకా. ఆ గంటా ఫోన్ పక్కనే కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకి మొదటి రింగుకే ఎత్తారు.

"అక్కా! షాపాయన ఇంకా షట్టర్ పూర్తిగా లేపనేలేదు, వంగి దూరి వచ్చాను."

"నువ్వేనా? సెలవులు ఆపేశారన్నారు!"

"నేను బయల్దేరిన మర్నాడు ఆపేశారు. ఆఖరి జీపు నాదే."

"ఆ చైనావాళ్లు ఏం చేస్తున్నార్రా?"

"మాలాగే చలికి గెంతుతున్నారు. ఒకడు పొద్దున్నే పాట అందుకుంటాడు. యుద్ధమంటూ వస్తే వాడి గొంతు వల్లే రావాలి."

ఎన్ని నెలల తర్వాతో గట్టిగా నవ్వాను. వెనక నుంచి అమ్మ "ఎందుకే అంత నవ్వు, డబ్బులవుతాయి," అంటోంది.

సెలవయ్యాక వాడు మళ్లీ కొండెక్కాడు. యుద్ధం రాలేదు. 1988 డిసెంబర్‌లో మన ప్రధాని బీజింగ్ వెళ్లి అక్కడి పెద్దాయనతో చేతులు కలిపారు. మావారు ఆ పేపర్ తెచ్చి నా ముందు పెట్టారు.

"చెప్పానా, కార్లని?"

తమ్ముడు అప్పటికి బదిలీ మీద సికింద్రాబాద్ వచ్చేశాడు. నేను గాజుల మాట ఎత్తలేదు. కార్ల వల్లే ఆగిందనుకోనిచ్చి, టీ పెట్టడానికి లేచాను.