నేను ఖాళీగా వదిలించిన ఏడో గడి

2022 ఆగస్టు 8, సోమవారం నాడు నన్ను నెల్లూరులో ఒక జన్యు పరిశోధన ప్రాజెక్టుకు ఫీల్డ్ సూపర్‌వైజరుగా వేశారు. ల్యాబ్ టెక్నీషియనుగా అప్పటికి నాకు ముప్పై మూడేళ్ల సర్వీసు. రిటైరయ్యే ముందు నేను చేసిన చివరి పని అదే.

గుండెజబ్బుకు ఇచ్చే ఒకే మాత్ర అందరిలోనూ ఒకేలా పనిచేయదు. ఎవరిలో పనిచేయదో వారి జన్యువులు చదివి ముందే చెప్పగలమా అన్నది ఆ ప్రాజెక్టు ప్రశ్న. రక్తం తీసి, చల్లని పెట్టెలో హైదరాబాదు పంపడం మా వంతు. అక్కడ యంత్రం చదివిన ఒక్క మనిషి సమాచారమే సుమారు వంద గిగాబైట్లు ఉంటుంది. దాన్ని మనిషి కూర్చుని చూడలేడు. ప్రోగ్రాములే జల్లెడ పడతాయి.

కోట మండలంలోని ఒక తీర గ్రామంలో సెప్టెంబరు 5 నుంచి మూడు రోజుల్లో వరుసగా 23, 22, 19 మంది దగ్గర, మొత్తం 64 మంది దగ్గర రక్తం తీసుకున్నాం. ఒక్కొక్కరికి మూడు బార్‌కోడ్ లేబుళ్లు. ఒకటి ట్యూబు మీద, ఒకటి అంగీకార పత్రం మీద, మూడోది నా రిజిస్టరులో.

మొదటి రోజు వచ్చినవారిలో మస్తానయ్య ఒకరు. నలభై ఏడేళ్ల మనిషి, సముద్రం మీద వేట ఆయన వృత్తి. గుండెలో స్టెంటు వేసిన ఏడు నెలలకే అది పూడుకుపోయింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర మానేసినందువల్లేనని డాక్టరు కేసు షీటులో రాసి, రెండో స్టెంటు వేసి, అదే మాత్ర కొనసాగించారు.

“ఒక్క పూట కూడా మానలేదు మేడం. ఎవురు నమ్మినారు? ఇంట్లోదే నమ్మలా” అన్నారాయన.

పక్కనే ఉన్న భార్య రమణమ్మ, “వేటకు పోయేటప్పుడు బీడీ కట్ట మర్చిపోయింది ఒక్కనాడూ లేదు. మాత్రలైతే గుర్తు చెయ్యాల. యాడ నమ్మేది?” అంది.

ఆ మాత్ర మింగగానే పనిచేసేది కాదు. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువులో లోపముంటే మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. వేరే మాత్ర ఉంది కానీ దానితో రక్తస్రావం ప్రమాదం ఎక్కువ. జన్యు ఫలితం చూపిస్తేనే మారుస్తానని డాక్టరు అన్నారు. అంటే ఫలితం ఆలస్యమైనన్ని రోజులూ రెండో స్టెంటుకు రక్షణ ఉందో లేదో తెలియదు.

అక్టోబరు 17న హైదరాబాదు నుంచి మెయిల్ వచ్చింది. మా 64 ట్యూబుల్లో ఐదు తారుమారైనట్టు అనుమానం, వాటి ఫలితాలు నిలిపివేశాం అని. ఐదింటిలో మస్తానయ్యది ఒకటి.

రెండు రోజులు రిజిస్టరు, అంగీకార పత్రాలు, పెట్టెల జాబితా సరిచూశాను. ఎక్కడా తేడా లేదు. 19న హైదరాబాదు సమాచార విభాగంలోని కౌశిక్ అనే అబ్బాయికి ఫోన్ చేశాను. ఆ ఐదుగురూ ముస్లింలని, వారి జన్యువులు మాత్రం ఆ ఊరి మత్స్యకార కుటుంబాలతో దగ్గరి చుట్టరికం చూపుతున్నాయని, కాబట్టి రక్తం వేరేవాళ్లదని చెప్పాడు. ముస్లింలని ఎవరు చెప్పారని అడిగాను.

“పేర్లు చూడండి మేడం. ముగ్గురు మస్తానయ్యలు, ఇద్దరు మస్తానమ్మలు. మస్తాన్ ముస్లిం పేరే కదా.”

“మా పెదనాన్న కొడుకు పేరూ మస్తానయ్యే. ఏటా తిరుమల కొండ నడిచి ఎక్కుతాడు” అన్నాను.

“మరి ఫారంలో ఏడో గడి ఖాళీగా ఎందుకు పంపారు మేడం?” అన్నాడు.

ఫారంలో ఏడో గడి సముదాయం. పెళ్లి సంబంధాలు ఏ వర్గంలో కలుపుకుంటారో అక్కడ రాయాలి. ఊరంతా ఒకే వర్గం, అడిగితే నొచ్చుకుంటారు, వదిలేయండని మా సిబ్బందికి చెప్పింది నేనే. ఖాళీ గడిని కంప్యూటరు ఒప్పుకోదు. హైదరాబాదువాళ్లు ఊరిని బట్టి 59 మందికి మత్స్యకారులని, పేరును బట్టి ఐదుగురికి ముస్లింలని నింపారు.

ఒకసారి అనుమానం నమోదైతే సంజాయిషీ చాలదు. మళ్లీ రక్తం తీసి, పాతదానితో పోల్చాలి. 20న ఆ ఊరు వెళ్లి, ఐదుగురికీ జరిగింది దాచకుండా చెప్పాను.

“నాకు ముందు ఇద్దురు బిడ్డలు పోయినారని మా యమ్మ నెల్లూరు కాడి మస్తాన్ దర్గాకు మొక్కుకునింది. పేరు దర్గాది గదా, రక్తం గూడా ఆడ్నుంచే వచ్చిందనుకున్నారా మీవోళ్లు?” అన్నారు మస్తానయ్య.

“నవ్వింది చాల్లే, చెయ్యి చాపు” అని రమణమ్మ ఆయన చొక్కా చెయ్యి తనే పైకి మడిచింది. తర్వాత నా వైపు తిరిగి, “అందాకా ఈ మనిషికేమన్నా అయితే ఎట్ట మేడం?” అంది. డాక్టరుకు ఆలస్యం సంగతి చెప్పి, ఛాతీలో ఏమాత్రం నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి రమ్మన్న ఆయన మాట వాళ్లకు చేరవేశాను.

కొత్త రక్తం, పాత రక్తం ఐదుగురివీ సరిపోయాయి. నవంబరు 11న ఫలితం వచ్చింది. మస్తానయ్యలో ఆ జన్యువుకు తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ లోపం ఉంది. ఆయన మాత్రలు మానలేదు, మాత్రే ఆయనలో పనిచేయలేదు. డాక్టరు ఆ రోజే మందు మార్చారు. కేసు షీటులో ‘మందు సరిగా వాడలేదు’ అన్న వాక్యం కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశారు.

మెయిల్ వచ్చిన నాటి నుంచి 25 రోజులు. స్టెంటు పూడలేదు. అందులో నా జాగ్రత్త ఏమీ లేదు. నివేదికలో తప్పు నాదని రాశాను. ఆ తర్వాత ఏ ఫారంలోనూ ఖాళీ గడి ఒప్పుకోలేదు. అడిగితే అడిగామని, అడగకపోతే అడగలేదని రాయించాను. మనకు తెలిసిందే కదా అని రాయకుండా వదిలినదాన్ని, తెలియనివాళ్లు ఎక్కడో కూర్చుని తప్పక నింపుతారు.