మందుల షాపులో విన్న చప్పుడు

నేను నాలుగో తరగతి దాకే చదువుకున్నాను. రాయడం ఇదే మొదలు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు సరిగ్గా తెలియదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. ఆ చప్పుడు విన్న దగ్గర్నుంచి ఎవరికైనా చెప్పాలనిపిస్తోంది.

మాది గోదావరిఖని. మా ఆయన బొగ్గుబాయిలో దిగి పని చేస్తాడు. ఆయనకు బీపీ. బయటి డాక్టరు రాసిన గోళీలు వాడుతున్నాడు. అయినా నాకు భయమే. మా మరిదికి బీపీ ఎక్కువై ఒక పక్క చెయ్యి, కాలు పడిపోయాయి. ఈయనకు కూడా అట్లా అవుతుందేమోనని కంపెనీ దవాఖానకు పోదామంటే వినడు. "అన్‌ఫిట్ అని రాసిండ్రనుకో, బాయిల దిగనియ్యరు" అంటాడు.

మా వీధి చివర మందుల షాపులో ఒక అమ్మాయి బీపీ చూస్తుంది. ఒక ఆదివారం గోళీల కోసం పోయినప్పుడు బతిమాలి ఆయన్ను అక్కడ కూర్చోబెట్టాను.

"జల్ది చూడు బిడ్డా, ఇంట్ల కూర చల్లారుతది."

"జరసేపు మాట్లాడకుండ కూసో కాకా."

"ఈయన మాట్లాడకుండ ఉంటడా! పెండ్లి పీటల మీద గూడ ఊకోలే" అన్నాను నేను.

ఆ అమ్మాయి నవ్వి, చేతికి పట్టీ చుట్టి చూసింది. నవ్వు పోయింది. కాసేపు ఆగి మళ్లీ చూసింది.

"బాగ ఎక్కువుంది కాకా. పొద్దుగాల గోలి ఏసుకున్నవా?"

"ఇయ్యాల ప్లే డే కదా బిడ్డా."

ప్లే డే అంటే మా దగ్గర వారపు సెలవు.

"అయితే ఏంది?"

"డ్యూటీ ఉంటెనే ఏసుకుంట. పండుగలకు గూడ ఏసుకోను. ఇంట్ల పండుకుంటే బీపీ ఎందుకు పెరుగుతది?"

"నువ్వు పండుకుంటవు కాకా. నీ గుండె పండుకుంటదా?"

సెలవు నాడు వేసుకోడని నాకు ఆ రోజే తెలిసింది. నా ముఖం చూసి ఆ అమ్మాయి తన చెవుల్లోని గొట్టాలు తీసి నాకిచ్చింది.

"విను చిన్నమ్మా."

పట్టీలోకి గాలి కొట్టింది. ఏమీ వినపడలేదు. గాలి మెల్లగా వదులుతుంటే ఎక్కడో లోతులోంచి మొదలైంది, ఠప్ ఠప్ అని, ఎవరో లోపల సుత్తె కొడుతున్నట్టు. ఇన్నేళ్లు ఆయన పక్కన పడుకున్నాను. గురక విన్నాను, దగ్గు విన్నాను, తిట్లు విన్నాను. ఇది ఎన్నడూ వినలేదు. ఆయన తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఆ గుండె ఒక్క పూట కూడా ఆగకుండా పని చేస్తూనే ఉంది. నా ఒళ్లంతా జలదరించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందే, ఆగిందా?" అన్నాడు భయపడి.

"ఆగలే. నువ్వే విను."

ఆయన కూడా విన్నాడు. చాలాసేపు గొట్టాలు తియ్యలేదు.

"వీడెవడే, నాకంటె ఎక్కువ కష్టపడుతున్నడు" అన్నాడు చివరికి.

"గోలి రోజూ ఏసుకోవాలె కాకా. మరిచినవని రెండు కలిపి ఏసుకోకు. రేపే డాక్టరుకు చూపించుకో."

"అన్‌ఫిట్ అంటరేమో బిడ్డా."

"అంటరో అనరో నాకు తెల్వది. దాసిపెడితే తగ్గేది మాత్రం కాదు."

తెల్లారి డ్యూటీకి పోకుండా కంపెనీ దవాఖానకు పోయాడు, నన్ను వెంటబెట్టుకుని. డాక్టరు మందు మార్చి, బీపీ తగ్గేదాకా బాయి దిగొద్దన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం గుండెల మీది బరువు దిగినట్టయింది.

నాకు తెలిసినంత రాశాను. చదివినవాళ్లు తప్పులు దిద్దుకుని, నన్ను మన్నించండి.